వెన్ను వాపు జబ్బుకు మసాజ్: ఎక్కడ చెయ్యి వెయ్యనివ్వాలి, ఎక్కడ వద్దనాలి

కటింగ్ అయ్యాక తల మీద తపతప నాలుగు దెబ్బలు వేసి, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి టక్కున తిప్పుతారు చూడండి, మెడలో మెటికలు విరిచినట్టు చప్పుడొస్తుంది. కుర్రతనంలో నాకదో సుఖం. బెంగళూరు వచ్చిన కొత్తలో, మారతహళ్లిలో మా పీజీ సందు చివరి సెలూన్‌లో నెలనెలా చేయించుకునేవాణ్ని. జబ్బు బయటపడి ఏడాది దాటాక కూడా ఓ ఆదివారం అలవాటు కొద్దీ తల అప్పగించేశాను. అతను తిప్పాడు. చప్పుడు రాలేదు. ఇంకాస్త బలంగా తిప్పబోయాడు. నా చెయ్యి దానంతటదే లేచి అతని మణికట్టు పట్టేసుకుంది. "ఏనాయ్తు సార్?" అన్నాడు పాపం, బెదిరిపోయి. మూడు రోజులు మెడ తిప్పలేకపోయాను, అంతటితో పోయింది. ఆ సంగతి చెబితే మా రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం డాక్టర్, రాస్తున్న పెన్ను కింద పెట్టి నన్ను చూసిన చూపు మాత్రం ఇంకా గుర్తుంది.

నాది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, పొట్టిగా ఏఎస్. వెన్నుపూసల కీళ్లలోనూ, నడుము అడుగున వెన్ను కటి ఎముకతో కలిసే రెండు కీళ్లలోనూ వాపు పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎక్స్‌రేలో వెదురు గడలా కనిపిస్తుందని దాన్ని 'వెదురు వెన్ను' అంటారు. అతుక్కుంది కదా, గట్టిపడిందేమో అనుకుంటాం. గట్టిపడదు, పెళుసవుతుంది. లోపల ఎముక గుల్లబారుతుంది, వంగి సర్దుకునే కీలు ఉండదు. మామూలు మనిషి దులుపుకుని లేచిపోయే చిన్న జారుడుకే అది విరగొచ్చు. అలా విరిగేది ఎక్కువగా మెడ కింది భాగంలో. సెలూన్ కుర్చీలో నేను అప్పగించింది సరిగ్గా ఆ చోటునే.

అలాగని మసాజ్ మానెయ్యమని చెప్పను. పదేళ్లుగా చేయించుకుంటూనే ఉన్నాను. ఎవరి చేత, ఎలా, ఏ రోజు చేయించుకోవాలో బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్లకు పనికొచ్చేలా వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, రోగిని. మందుల సంగతి మీరూ మీ డాక్టరూ చూసుకోవాలి.

మసాజ్ వల్ల ఒరిగేదెంత

వాపు ఉన్నది కీలులో. మసాజ్ చేసే చేతికి అందేది కండరం. ఈ తేడా గుర్తుంటే సగం తప్పులు జరగవు. కీలు నొప్పెడుతుంటే దాని చుట్టూ ఉన్న కండరాలు దాన్ని కదలనివ్వకుండా కాపలా కాస్తున్నట్టు బిగుసుకుంటాయి. దానికి తోడు మన ల్యాప్‌టాప్ ఉద్యోగాలు. ఛాతీ ముందు కండరాలు కురచవుతాయి, భుజాల మీద ముద్దలు కడతాయి, తొడల వెనక పట్టేస్తుంది. మసాజ్ పనిచేసేది ఈ బిగువు మీద. ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది, టెన్షన్ తగ్గుతుంది, రెండు మూడు రోజులు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. వాపు ఉన్నచోటే ఉంటుంది. రక్తపరీక్షలో వాపును చూపే సీఆర్‌పీ తగ్గదు, అతుక్కునే పూసలు ఆగవు.

2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అక్కడి స్పాండిలైటిస్ సంస్థలతో కలిసి తెచ్చిన మార్గదర్శకాల్లో మనకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. మసాజ్, వేడి కాపడం లాంటివి మనం పడుకుని చేయించుకునేవి. వాటికన్నా మన ఒంటితో మనం చేసే వ్యాయామం మేలన్నారు. వెన్ను అతుక్కుపోయినవాళ్లకూ, ఎముక బాగా గుల్లబారినవాళ్లకూ వెన్నును విరిచే, తిప్పే చికిత్సలు చెయ్యొద్దని మాత్రం చాలా గట్టిగా చెప్పారు.

ఆ మొదటి మాట చదివాక నాకు మసాజ్ మీద మోజు తగ్గలేదు గానీ, దాన్ని వాడుకునే తీరు మారింది. కండరం వదులైన తర్వాత ఒక గంట సేపు ఒళ్లు మన మాట వింటుంది. మామూలుగా వంగనిది వంగుతుంది, నిండని ఊపిరి నిండుతుంది. నేను డబ్బు కట్టేది ఆ గంట కోసమే. ఈ గైడ్ మొత్తం ఆ గంట దాకా క్షేమంగా చేరడం గురించే.

మొదటి మెట్టు: ఫైలు తియ్యండి

జబ్బేమిటో ఇంకా తేలనివాళ్లు ముందు ఇది చదవండి. మన ఊళ్లో నడుం నొప్పి అనగానే కుర్చీ మీదకో, బైక్ మీదకో, బెంగళూరు రోడ్ల మీదకో తోసేస్తాం. కుర్చీ వల్ల వచ్చే నొప్పి పడుకుంటే తగ్గుతుంది. మన నొప్పి పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేపుతుంది, లేచాక అరగంటకు పైగా నడుము కొయ్యలా ఉంటుంది, అటూ ఇటూ నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. వయసు 45 లోపు మొదలై, మూడు నెలలు దాటి ఇలాగే ఉంటే వెళ్లాల్సింది మసాజ్‌కు కాదు, రుమటాలజిస్ట్ దగ్గరికి. ఇక్కడ సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. నెల్లూరు, చిత్తూరు వైపువాళ్లకు చెన్నై దగ్గర. అక్కడ రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో కీళ్లవాతానికి ప్రత్యేకంగా ఒక విభాగమే నడుస్తోంది.

జబ్బు తేలినవాళ్లు తర్వాతి చెకప్‌లో డాక్టర్ని మూడు విషయాలు అడగాలి. నా ఎక్స్‌రేల్లో పూసలు ఎక్కడైనా అతుక్కున్నాయా, మెడతో సహా? ఎముక గట్టిదనం ఎలా ఉంది, డెక్సా స్కాన్ చెయ్యాలా? మెడ పైన, తలను మోసే మొదటి రెండు పూసల మధ్య పట్టు సడలిందా? మూడో ప్రశ్న అడిగితే కొందరు డాక్టర్లు ఇదెవరు చెప్పారన్నట్టు చూస్తారు. చూడనివ్వండి. "మసాజ్ చేయించుకోవచ్చా సార్" అని ఊరికే అడిగితే "ఆఁ, మెల్లగా" అనేసి పంపేస్తారు. ఈ మూడూ విడివిడిగా అడిగితేనే ఎక్స్‌రే మళ్లీ లైటు ముందు పెడతారు.

అతుకులు ఉన్నాయంటే వెన్ను మీద, మెడ మీద ఒత్తిడి పెట్టే మసాజ్ మీకు లేనట్టే. చేతులకు, కాళ్లకు, భుజాలకు మెత్తగా చేయించుకోవచ్చు. అది కూడా ఫిజియోథెరపిస్ట్ చేతే.

రెండో మెట్టు: వద్దనుకోవాల్సిన రోజులు

మంట రేగిన రోజుల్లో, అంటే పక్క మీద నుంచి లేవడానికే ఎవరో ఒకరు పట్టుకోవాల్సిన రోజుల్లో మసాజ్ జోలికి పోకండి. ఆ సమయంలో ముట్టుకుంటేనే కండరం ఇంకా బిగుస్తుంది. జ్వరం ఉంటే వద్దు. చర్మం మీద పుండు, కురుపు, తామర ఉంటే వద్దు. సోరియాసిస్ కూడా ఉన్నవాళ్లు పొలుసులు పగిలిన చోట చెయ్యి పడనివ్వొద్దు. వాపును అణచడానికి ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే బయోలాజిక్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకు చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవ్వొచ్చు కాబట్టి టవళ్లు, పక్క గుడ్డలు శుభ్రంగా లేని చోట అడుగే పెట్టకండి. ఇంజెక్షన్ తొడకో పొట్టకో వేసుకుంటే రెండు రోజులు ఆ చోటు వదిలెయ్యాలి.

ఒక పిక్కే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే అది రక్తం గడ్డ కావచ్చు. దాన్ని పిసకకూడదు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కన్ను ఎర్రబడి, నొప్పిగా, వెలుతురు చూడలేకపోతుంటే అది కూడా మన జబ్బు చుట్టమే. ఆ రోజు మసాజ్ అపాయింట్‌మెంట్ రద్దు చేసి కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. కండ్లకలకే కదా అని చుక్కల మందు కొని వేసుకుంటూ కూర్చుంటే చూపు దెబ్బతినొచ్చు.

ఇంకోటి. మసాజ్‌కు వెళ్తున్నాం కదా అని ముందే ఓ నొప్పి బిళ్ల ఎక్కువ మింగకండి. రోజూ వేసుకునేది వేళకు వేసుకోండి, అంతే. నొప్పి తెలియకపోతే 'చాలు' అనే మాట నోటికి ఆలస్యంగా వస్తుంది. రక్తం పలచబడే మందులో, చాలాకాలంగా స్టెరాయిడ్లో వాడేవాళ్లకు చిన్న ఒత్తిడికే కమిలిపోతుంది, అది కూడా ముందే చెప్పాలి.

మూడో మెట్టు: ఎవరి చేతిలో పెట్టాలి

నా ఓటు ఫిజియోథెరపీ క్లినిక్‌కే. అక్కడ మసాజ్ పదిహేను నిమిషాలే చెయ్యొచ్చు, లైట్లు తెల్లగా కళ్లలో పొడవొచ్చు, పక్క బెడ్డు మీద ఎవరో మూలగొచ్చు. అయినా ఆ మనిషికి ఏఎస్ అంటే ఏమిటో తెలుసు. అయిపోయాక వ్యాయామం కూడా అక్కడే చేయిస్తారు.

స్పాకు వెళ్తే మెత్తగా నిమిరే స్వీడిష్ అన్న రకం చాలు. లోతుగా నొక్కే డీప్ టిష్యూ మనకు పనికిరాదు. థాయ్ మసాజ్‌లో మోకాలు వీపుకు ఆనించి చేతులు వెనక్కి లాగుతారు, నడుము మెలితిప్పుతారు. అది మనది కాదు. యాప్‌లో బుక్ చేస్తే ఇంటికే బల్ల మోసుకొచ్చేవాళ్లు మంచి పనివాళ్లే, కానీ మొదటిసారి వాళ్లతో మొదలుపెట్టకండి. ఒళ్లు ఎంత తట్టుకుంటుందో మనకు తెలిశాక వాళ్లకు చెప్పగలం.

కేరళ ఆయుర్వేద కేంద్రాలు బెంగళూరులో వీధికొకటి ఉన్నాయి. గోరువెచ్చని తైలంతో మెత్తగా చేసే అభ్యంగం, మినప్పిండి గట్టు కట్టి నడుము మీద నూనె నింపే కటివస్తి ఒంటికి హాయిగా ఉంటాయి, నేనూ చేయించుకున్నాను. తాడు పట్టుకుని కాలితో తొక్కే చవిట్టి తిరుమ్మల్ మాత్రం ఎంత పేరున్న చోటైనా వద్దు. పనిలో పనిగా కషాయాలు, మాత్రలు రాసిస్తే వాటిని రుమటాలజిస్ట్‌కు చూపించకుండా మింగకండి. కీళ్ల వాపుకు మెథోట్రెక్సేట్, సల్ఫాసలజైన్ మాత్రలు వాడేవాళ్ల కాలేయానికి అప్పటికే పని ఎక్కువ.

పుత్తూరు కట్టు బోర్డు కనిపిస్తే మనకు సొంతూరి మనిషి కనిపించినట్టే ఉంటుంది. నేను రాయలసీమవాణ్ని, నాకు ఆ గౌరవం ఉంది. కానీ 'నరం పక్కకు జరిగింది, సరిచేస్తా' అని ఎవరైనా నడుము లాగబోతే లేచి చెప్పులేసుకోండి.

ఇక ఇంటి వైద్యాలు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము తన్నించుకుంటే పట్టు వదులుతుందని మా అవ్వ నమ్మకం. పండక్కి ఊరెళ్తే మా పిన్నమ్మ కొడుకుని ఇప్పటికీ ముందుకు తోస్తుంది, వాడు అలా పుట్టినవాడే. పిల్లల చేత వీపు తొక్కించుకోవడం మన ఇళ్లల్లో మరీ మామూలు. ఐదేళ్ల పిల్ల బరువు ఎంతలే అనిపిస్తుంది. ఆ బరువంతా చిన్న మడమ మీదుగా ఒక్క పూస మీద దిగుతుంది. వద్దు. మాల్స్‌లో నోట్లు మింగి లోపల గుండ్లు దొర్లించే కుర్చీలూ వద్దు, వాటికి 'చాలు' అని చెప్పే వీల్లేదు. మసాజ్ గన్ ఇంట్లో ఉంటే తొడకు, పిక్కకు వాడుకోండి; వెన్ను గాడికి, మెడకు, పక్కటెముకలకు తగలనివ్వకండి.

నాలుగో మెట్టు: బల్లెక్కే ముందు చెప్పాల్సింది

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. "నాకు స్పాండిలైటిస్ ఉంది" అంటారు. మన దేశంలో మెడ నొప్పి ఉన్న ప్రతివాడూ ఆ మాటే అంటాడు. వాళ్లలో చాలామందికి ఉన్నది వయసుతో వచ్చే అరుగుదల, దాని సరైన పేరు స్పాండిలోసిస్. చేసే మనిషి "ఓ, అదా, రోజుకు పదిమంది వస్తారు" అనుకుని మెడ పట్టుకుంటాడు. కాబట్టి పేరుతో ఆగకండి. "వెన్నులో వాపు జబ్బు, ఎముకలు పెళుసు, తిప్పితే విరుగుతాయి" అని విడమరిచి చెప్పండి. 'విరుగుతాయి' అన్న మాట దగ్గర వాళ్ల ముఖం మారుతుంది. మారాలి.

బెంగళూరులో చేసే మనిషి కన్నడమో, మలయాళమో, ఈశాన్యం నుంచి వచ్చి హిందీనో మాట్లాడతారు. బోర్లా పడుకుని, ముఖం దిండులో పెట్టుకుని ఇంగ్లిష్‌లో వాక్యాలు కట్టలేం. నేను ఈ ముక్కలు నోటికి నేర్చుకున్నాను: కన్నడంలో "మెల్లగె మాడి", "ఇల్లి బేడ", "మూళె మేలె ఒత్తబేడి", అంటే ఎముక మీద ఒత్తొద్దని, "కుత్తిగె తిరుగిసబేడి", అంటే మెడ తిప్పొద్దని. చాలు అనడానికి "సాకు". మన సాకు వేరు, వాళ్ల సాకు వేరు, మొదట్లో నాకే నవ్వొచ్చేది. మలయాళీలకు "పతుక్కె" అంటే మెల్లగా, "మది" అంటే చాలు. హిందీకి "గర్దన్ మత్ ఘుమానా".

ఒత్తిడికి అంకె పెట్టుకోవడం ఇంకా సులువు. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనంత. మనది మూడు, మహా అయితే నాలుగు దాటకూడదు. ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే అప్పుడే ఐదు దాటినట్టు. 'నొప్పి పుడితేనే పనిచేసినట్టు' అనే మాట మన ఒంటికి వర్తించదు.

ఐదో మెట్టు: పడుకునే తీరు

బోర్లా పడుకుని ముఖం బల్లకున్న కంతలో పెట్టడం మామూలు పద్ధతి. మెడ బిగుసుకున్నవాడికి, వీపు కాస్త గూనిగా వంగినవాడికి అది శిక్ష. బోర్లా పడుకోగలిగితే ఛాతీ కింద ఒక పల్చటి దిండు, పొట్ట కింద ఒకటి, చీలమండల కింద చుట్టిన టవల్ పెట్టించుకోండి. నుదుటి కింద మడిచిన టవల్ ఎంత ఎత్తు కావాలో మీ మెడే చెబుతుంది. మెడను కిందికి నొక్కి బల్లకు ఆనించనివ్వకండి.

నాకు బాగా కుదిరింది పక్కకు తిరిగి పడుకోవడం. తల కింద భుజం ఎత్తుకు సరిపోయే దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, గుండెలకు హత్తుకుని ఒకటి. ఒక పక్క అయ్యాక ఇంకో పక్క. అదీ కష్టమైతే కుర్చీలో తిరగబడి కూర్చుని, ముందున్న బల్ల మీద దిండేసి దాని మీద చేతులు, నుదురు ఆనించాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు తల కింద దిండు తీసెయ్యబోతారు, తియ్యనివ్వకండి. పక్క మారేటప్పుడు చెయ్యి పట్టి లాగించుకోకుండా మోకాళ్లు ముడిచి, కట్టె దొర్లినట్టు మొత్తం ఒళ్లు ఒకేసారి తిప్పాలి.

ఆరో మెట్టు: చెయ్యి వెళ్లే దారి

శనివారం సాయంత్రాలు మా ఇంట్లో జరిగేది ఉన్నదున్నట్టు చెబుతాను. ఫిజియో మేడమ్ మా ఆవిడకు దగ్గరుండి నేర్పింది. పెళ్లయి ఇన్నేళ్లలో నా వీపు మీద ఆవిడకు ఇంత అధికారం ఎప్పుడూ లేదు.

ముందు గీజర్ నీళ్లతో స్నానం. డిసెంబర్, జనవరి చలిలో దీనికి తోడు వేడినీళ్ల సంచీకి టవల్ చుట్టి నడుము మీద పది నిమిషాలు పెట్టుకుంటాను. ఈలోగా ఆవిడ చిన్న గిన్నెలో నువ్వుల నూనె పోసి, వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెడుతుంది. నేరుగా స్టవ్ మీద పెడితే పైకి తెలియకుండా కాగుతుంది. ఒక చుక్క మణికట్టు లోపలి వైపు వేసుకుని చూస్తుంది, పసిపిల్లల పాలు చూసినట్టు.

మొదట రెండు అరచేతులు నడుము మీద ఆనించి, ఏమీ చెయ్యకుండా నా నాలుగు ఊపిరులు అయ్యేదాకా ఉంచుతుంది. ఈ నిమిషం వృథా అనిపిస్తుంది గానీ, భుజాలు కిందికి దిగేది అప్పుడే. తర్వాత వెన్ను గాడికి రెండు పక్కలా, ఎముక నుంచి రెండు వేళ్ల ఎడం వదిలి, నడుము నుంచి భుజాల దాకా అరచేత్తో పొడవుగా, నెమ్మదిగా పైకి నిమురుతుంది. వచ్చేటప్పుడు పక్కల నుంచి తేలిగ్గా కిందికి. ఇలా ఐదు నిమిషాలు. గాడి మీద బొటనవేలు పెట్టి పూస పూసా లెక్కపెట్టినట్టు నొక్కడం మా ఇంట్లో నిషేధం. మోచెయ్యి, పిడికిలి కూడా నిషేధమే.

పిరుదుల పైన రెండు పక్కలా చిన్న గుంటలు పడతాయే, వాపు పుట్టే కీళ్లు ఆ దగ్గరే ఉన్నాయి. నొప్పి అక్కడే కాబట్టి అక్కడే నొక్కమని ప్రాణం పోరుతుంది. అక్కడ అరచెయ్యి వెచ్చగా ఆనించి ఊరుకోవాలి. నొక్కాల్సింది దానికి జానెడు దూరంలో, పిరుదు కండ బాగా మందంగా ఉన్న చోట. అరచేతి అడుగుభాగంతో గుండ్రంగా, మూడో నంబరు ఒత్తిడితో రెండేసి నిమిషాలు. నడక మారేది దీనితోనే. ఆ తర్వాత తొడ వెనక, పిక్క. మడమకు నాలుగు వేళ్ల పైనే ఆగిపోవాలి. మడమ వెనక పిక్క కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ అతుక్కునే చోట, అరికాలి మడమలో మన జబ్బు వాపు తెస్తుంది. అక్కడ పిసికితే మర్నాడు నేల మీద కాలు మోపలేం.

ఛాతీ ముందు భాగాన్ని చాలామంది వదిలేస్తారు. వంగిపోయే వీపుకు లాగుడు ముందు నుంచే. వెల్లకిలా పడుకున్నాక కాలర్ ఎముక కింద నుంచి భుజం వైపు మెల్లగా బయటికి నిమరాలి. రొమ్ము ఎముకకు పక్కటెముకలు అతుక్కునే చోట నొప్పి ఉంటుంది, అది ముట్టుకోవద్దు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పక్కటెముకల మీద ఆవిడ అరచెయ్యి ఊరికే పెడితే, నేను ఊపిరి పీల్చి ఆ చేతిని పైకి లేపాలి. అది ఆవిడ చేసే మసాజ్ కన్నా నేను చేసే వ్యాయామం అనుకోవచ్చు.

భుజం మీది ముద్దను నాలుగు వేళ్లకూ బొటనవేలికీ మధ్య చపాతీ పిండి పట్టినట్టు పట్టి, పిసక్కుండా అలాగే ఉంచాలి. పదిహేను లెక్కపెట్టేలోగా అదే వదులవుతుంది. మెడ ఆఖర్న, కూర్చుని, నుదురు దిండుకు ఆనించి. వెనక కండరాలను పై నుంచి కిందికి, భుజాల వైపు, బరువు లేకుండా. తిప్పడం లేదు, లాగడం లేదు, మెడ ముందు వైపు చెయ్యి వెళ్లడమే లేదు. మొత్తం ముప్ఫై నిమిషాలు. మొదటిసారి చేయించుకునేవాళ్లు ఇరవైతో ఆపండి.

ఏడో మెట్టు: ఆ గంట

అసలు పని ఇక్కడ మొదలు. లేచి టీ తాగి సోఫాలో పడితే మసాజ్ డబ్బులు సోఫాకు ఇచ్చినట్టే. సెంటర్‌లో చేయించుకుంటే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంట సేపు ఇరుక్కునే చోటు ఎంచుకోకండి, వదులైన కండరమంతా అక్కడే మళ్లీ బిగుస్తుంది. నడిచి ఇంటికి చేరేంత దగ్గర ఉంటే అదే గొప్ప. ఆటో తప్పకపోతే స్పీడ్ బ్రేకర్లకు కడ్డీ పట్టుకుని కూర్చోండి.

ముందు గోడ. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబడి, గడ్డం లేపకుండా తల వెనక భాగం గోడకు తాకించే ప్రయత్నం చెయ్యాలి. తాకకపోతే మధ్యలో ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూసుకోండి. తర్వాత పది నిండు ఊపిరులు, పక్కటెముకలు పక్కలకు తెరుచుకునేలా. నాలుగు కాళ్ల మీద ఉండి పిల్లిలా వీపు పైకి వంచడం, కిందికి దించడం, పదిసార్లు, నొప్పి లేని మేరకే. బోర్లా పడుకోగలిగినవాళ్లు ఐదు నుంచి పది నిమిషాలు ఊరికే బోర్లా పడుకోవాలి. ఆ తర్వాత ఇరవై నిమిషాల నడక. మా లేఅవుట్ పార్కులో నాలుగు చుట్లు నాకు సరిపోతుంది. అతుకులు ఉన్నవాళ్లు ఇందులో ఏవి చెయ్యొచ్చో ఫిజియో చేత గీత గీయించుకోండి.

ఎనిమిదో మెట్టు: మర్నాటి లెక్క

ఫోన్‌లో మూడు అంకెలు రాస్తాను: పొద్దున బిగువు ఎన్ని నిమిషాలు, నొప్పి పదికి ఎంత, గోడకూ తలకూ మధ్య ఎన్ని వేళ్లు. నాకు మామూలుగా శనివారం పొద్దున 50 నిమిషాల బిగువు ఉంటే ఆదివారం 25కు దిగి, బుధవారానికి మళ్లీ మొదటికొస్తుంది. ఒక రోజంతా ఒళ్లు నలిగినట్టుండటం మామూలే. రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఒత్తిడి ఎక్కువైందని లెక్క, తర్వాతిసారి సగానికి తగ్గించాలి. నాలుగుసార్లు చేయించుకున్నా అంకెలు కదలకపోతే ఆ డబ్బు ఈతకో ఫిజియోకో మళ్లించండి. మొహమాటం అక్కర్లేదు, మసాజ్ అందరికీ పడాలని లేదు. చేసే మనిషి మంచివాడని పదోసారి కూడా వెళ్లక్కర్లేదు.

ఇంట్లో చేసేవాళ్లు ఎవరూ లేని పీజీ జీవులకు ఒక టెన్నిస్ బంతి. దాన్ని పాత సాక్సులో వేసి, పిరుదు కండకూ గోడకూ మధ్య పెట్టి నిలబడి కొంచెం కొంచెం దొర్లించుకోండి. నేల మీద పడుకుని బంతి మీద ఒళ్లు వేస్తే బరువు మన అదుపులో ఉండదు, గోడే మేలు. వెన్ను గాడిలోకి బంతి రానివ్వొద్దు.

పరిగెత్తాల్సిన గుర్తులు

మసాజ్ తర్వాత గానీ, జారిపడ్డాక గానీ, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడ్డాక గానీ ఎప్పుడూ లేని కొత్త రకం నొప్పి మెడలోనో వెన్నులోనో ఒక్కచోట పొడిస్తే దాన్ని పాత జబ్బు ఖాతాలో వెయ్యకండి. చేతుల్లో కాళ్లలో తిమ్మిరి, పట్టు జారడం, తొడల మధ్య స్పర్శ పోవడం, మూత్రం ఆగిపోవడమో తెలియకుండా పోవడమో జరిగితే ఒక్క గంట కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. వచ్చినవాళ్లకు మొదట చెప్పాల్సింది ఏఎస్ ఉందని. గూని మెడను మామూలు మెడలా తిన్నగా చేసి పట్టీ వేసే ప్రయత్నం చేస్తారు, చెయ్యనివ్వకూడదు. మెడ రోజూ ఏ వంపులో ఉంటుందో ఆ వంపులోనే దిండ్లు, టవళ్లు పెట్టి కదలకుండా ఉంచాలి. ఆసుపత్రిలో మామూలు ఎక్స్‌రే తీసి ఏమీ లేదని పంపబోతే సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ అడగండి. అతుక్కున్న వెన్నులో సన్నని పగులు ఎక్స్‌రేకు చిక్కకపోవడం తరచూ జరుగుతుంది. ఆ సమయంలో మనం మాట్లాడే స్థితిలో ఉంటామో లేదో తెలియదు కాబట్టి, ఈ నాలుగు వాక్యాలూ కన్నడంలోనూ ఇంగ్లిష్‌లోనూ రాయించి పర్సులో ఆధార్ కార్డు వెనక పెట్టుకున్నాను. మా ఆవిడ దాన్ని ఫోటో తీసి తన ఫోన్‌లోనూ పెట్టుకుంది.